కుట్టు మీద పసుపు వద్దు, కంచంలో పప్పు వద్దనొద్దు

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మకి 52 ఏళ్ళు. గర్భసంచిలో గడ్డలున్నాయని పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. కుట్లు విప్పడానికి పన్నెండో రోజు రమ్మన్నారు. అమ్మకి షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది. నిన్నటి నుంచి కుట్టుకి కుడి చివర నుంచి పసుపుపచ్చ నీరులాంటిది వచ్చి గుడ్డకి అంటుతోంది. వాసన పెద్దగా లేదు. రాత్రి ఒళ్ళు వెచ్చబడితే పారాసెట్మాల్ వేశాం. కుట్టు పొడవునా చర్మం కింద తాడులా గట్టిగా తగులుతోంది, అది గడ్డా? సాయానికి వచ్చిన మా పిన్ని పప్పు, గుడ్డు, పెరుగు, చేప అన్నీ మానిపించి వెల్లుల్లి కారం, అన్నం మాత్రమే పెడుతోంది. "పప్పు పెడితే చీము పడతాది" అంటుంది. కుట్టు మీద పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తోంది. మందుల షాపులో పౌడరు, ఐదు రోజులకి క్యాప్సూల్స్ ఇచ్చారు. స్నానం చేయించాలా, వద్దా? మా వీధిలో ఆర్‌ఎంపీ డాక్టరు ఇంటికొచ్చి డ్రెస్సింగ్ చేస్తానంటున్నారు, చేయించుకోవచ్చా? వచ్చే నెల ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తానని అమ్మ మొక్కుకుంది. చేయగలదా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివిన వెంటనే మీకు విడిగా ఒకటే మాట రాసి పంపాను. పన్నెండో రోజు దాకా ఆగకుండా ఈరోజే ఆపరేషన్ చేసిన చోటికి తీసుకెళ్ళి చూపించమని. దాన్నే ఇక్కడ అందరి కోసం మళ్ళీ రాస్తున్నాను. షుగర్ ఉన్న మనిషికి ఆపరేషనైన వారం తర్వాత కుట్టులోంచి కొత్తగా నీరు రావడం, అదే రోజు ఒళ్ళు వెచ్చబడడం, ఈ రెండూ కలిస్తే అపాయింట్‌మెంట్ తేదీతో పని లేదు. తప్పకుండా చీమే అని నేననను. చర్మం కింద కొవ్వు పొరలో నీరు చేరి, దారి దొరికిన చోట బయటికి రావడం కూడా మామూలే, అది ప్రమాదం కాదు. కానీ ఆ తేడా గుడ్డ మీది మరకని బట్టి ఇంట్లో ఎవరూ తేల్చలేరు. చూసి, నొక్కి, అవసరమైతే కొంచెం తీసి పరీక్షకి పంపితేనే తెలుస్తుంది.

అక్కడ ఏం చేస్తారో ముందే చెబుతాను. తెలియక చాలామంది బెంబేలెత్తిపోతారు. నీరు వస్తున్న చివర ఒకటో రెండో కుట్లు విప్పి, లోపల చేరినదాన్ని బయటికి వదిలి, సెలైన్‌తో కడుగుతారు. ఆ చోటుని మళ్ళీ కుట్టకుండా గాజ్, అంటే పల్చటి కట్టుగుడ్డ, పెట్టి వదిలేస్తారు. సర్జరీ వార్డుల్లో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ ఇంటివాళ్ళు నన్ను పక్కకి పిలిచి అడిగిన మాట ఇదే: "సిస్టర్, కుట్టు విప్పేసి అలా వదిలేశారేంటి?" పైన మూసేస్తే లోపలున్న క్రిమి లోపలే ఉండిపోతుంది. అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ పెరుగుతూ పైకి రావాలి, చర్మం ఆఖరున మూసుకోవాలి. దానికి వారాలు పట్టవచ్చు. చూడడానికి భయంగా ఉంటుంది కానీ అదే సరైన పద్ధతి. ఆ గుంటలో ఎర్రగా, తడిగా, చిన్న చిన్న గింజల్లా కండ కనిపిస్తుంటే సంతోషించండి.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు డిశ్చార్జ్ కాగితం, మందుల చీటీతో పాటు షాపులో ఇచ్చిన క్యాప్సూల్ రేకూ, పౌడరు డబ్బా కూడా సంచిలో వేసుకోండి. పేరు చెప్పడానికి సిగ్గుపడి దాచేస్తుంటారు. ఏ మందు ఎన్ని రోజులు వాడారో తెలియకపోతే, తీసిన చీము పరీక్షలో క్రిమి కనబడక డాక్టర్లు తప్పుదారి పట్టే ప్రమాదముంది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో జరిగి ఉంటే, అక్కడ సాయం చేసే కౌంటరులో ముందుగా మాట్లాడండి. మళ్ళీ డబ్బు కట్టాలేమో అన్న భయంతోనే సగం మంది ఇంట్లో ఆగిపోతారు. ఆపరేషన్ చేసిన చోటు మరీ దూరమైతే విశాఖలోనే ప్రభుత్వాసుపత్రులు కేజీహెచ్ ఉంది, హనుమంతవాక దగ్గర విమ్స్ ఉంది. అమ్మని బండి మీద వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళొద్దు. ఆటో అయినా, కారైనా పొట్ట మీద ఒక దిండు పెట్టుకుని, గోతులొచ్చినప్పుడు దాన్ని రెండు చేతులతో అదుముకోమనండి. ఇంట్లో దగ్గు, తుమ్ము వచ్చినప్పుడూ, మంచం మీంచి లేచేటప్పుడూ కూడా ఇదే పద్ధతి.

రాత్రి జ్వరం వస్తే పారాసెట్మాల్ వేశామన్నారు. వేయడం తప్పు కాదు, కానీ వేసే ముందు థర్మామీటర్ పెట్టి అంకె రాసుకోవాలి. వెచ్చగా అనిపించింది అనే మాటతో డాక్టరు ఏమీ చేయలేరు. 100.4 ఫారన్‌హీట్, ఆపైన అయితే కుట్టు ఎంత బాగా కనిపిస్తున్నా ఫోన్ చేయాల్సిందే.

ఇక ఆ తాడులాంటి గట్టితనం. అది గడ్డ కాదు, చాలామటుకు మంచి గుర్తు. ఆపరేషనైన వారం లోపలే కోత పొడవునా చర్మం కింద కొత్త కణజాలం అల్లుకుని, వేలితో నిమిరితే గట్టుగా తగులుతుంది. కొన్ని వారాలకి దానంతటదే మెత్తబడుతుంది. అలా కాకుండా ఒకే చోట ఉబ్బి, ముట్టుకుంటే నొప్పెట్టి, వేడిగా, నీళ్ళ సంచిలా అటూ ఇటూ కదులుతుంటే అప్పుడు అనుమానించాలి. కుట్టు చుట్టూ తిమ్మిరిగా, మొద్దుగా ఉండడం కూడా మామూలే. కోతలో సన్నటి నరాలు తెగుతాయి కాబట్టి నెలల తరబడి అలా ఉండొచ్చు.

పసుపు గురించి. మీ పిన్నిగారి మీద నాకు కోపం లేదు. ఊరు వదిలి, తన ఇల్లు వదిలి అక్క కోసం వచ్చి కూర్చున్న మనిషి. ఆవిడ చేతికి పని కావాలి, ఆ పని మంచిదై ఉండాలి, అంతే. పసుపు మట్టిలో పండే దుంప. ఎండబెట్టి, పొడి కొట్టి, వంటింటి డబ్బాలో రోజూ గరిటె పెట్టి తీసేది. కూరలో వేస్తే ఉడుకుతుంది, ఆపరేషన్ కోత మీద పచ్చిగా వేస్తే దానితో పాటు వచ్చిన క్రిములూ అక్కడే దిగుతాయి. నర్సుగా నాకు ఇంకో పెద్ద అభ్యంతరం ఉంది. పసుపు రాసిన కుట్టుని చదవలేం. ఎరుపు పాకుతోందా, తగ్గుతోందా తెలియదు. గుడ్డకి అంటిన పసుపుపచ్చ మరక నీరా, చీమా, వంటింటి పసుపా? మీ ఉత్తరంలో మీరు రాసిన రంగు కూడా దేనిదో నేను ఖాయంగా చెప్పలేకపోవడానికి కారణం అదే. అందుకే ఈరోజు వెళ్ళే ముందు ఏమీ రాయకండి. ఉన్నదాన్ని గోకి కడగబోవద్దు, అక్కడ వాళ్ళే శుభ్రం చేస్తారు.

పౌడరు కూడా మానేయండి. షాపులో ఇచ్చే ఆ యాంటీబయాటిక్ పౌడర్లు చెమటతో కలిసి పిండిలా గట్టిపడి, కుట్టు మీద ఒక పెచ్చు కడతాయి. ఆ పెచ్చు కింద ఏం జరుగుతోందో కనబడదు, పైగా డ్రెస్సింగ్ చేసేటప్పుడు దాన్ని ఊడదీయడం రోగికి నరకం. గాయం ఎంత ఎండితే అంత మంచిదన్నది మన అందరి నమ్మకం. కానీ 1962లోనే జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద పరిశీలించి చూపించారు, గాలికి ఎండి పెచ్చు కట్టిన గాయం కన్నా తేమ పోకుండా కప్పి ఉంచిన గాయం మీదే కొత్త చర్మం త్వరగా పాకుతుందని. ఆ తర్వాతే ఇప్పటి డ్రెస్సింగ్ పద్ధతులన్నీ మారాయి. మూసుకున్న కుట్టుకి ఏ మందూ అక్కర్లేదు. తెరుచుకున్న చోటుకి సెలైన్ చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ చూసి తృప్తిపడేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది క్రిమితో పాటు కొత్తగా పుట్టే కణాల్నీ చంపుతుంది.

క్యాప్సూల్స్ మాట. ఆపరేషన్‌కి ముందు ఒక డోసు యాంటీబయాటిక్ ఇస్తారు. చాలా ఆపరేషన్లకి అది చాలు, అయిపోయాక ముందుజాగ్రత్త కోసమని రోజుల తరబడి పొడిగించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నిజంగా చీము పట్టి ఉంటే ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేసి ఇవ్వాలి. ఊహించి ఇచ్చిన క్యాప్సూల్ కొంచెం అణచి, కొంచెం దాచి, నాలుగు రోజుల తర్వాత మరింత మొండిగా బయటపెడుతుంది. ఇప్పటికే మొదలుపెట్టారు కాబట్టి కొనసాగించాలా, ఆపాలా అన్నది ఈరోజు చూసే డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఆ వెల్లుల్లి కారం, అన్నం.

కోత మానడమంటే శరీరం కొత్త మాంసం తయారుచేయడం. దానికి సరుకు మాంసకృత్తులు. ఆపరేషనైన మనిషికి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి. అమ్మ అరవై కిలోలుంటే 72 నుంచి 90 గ్రాములన్నమాట. కారం, అన్నంలో అది ఎక్కడుంది? ఉన్నదల్లా పిండిపదార్థం. అంటే ఈ పథ్యం రెండు వైపులా దెబ్బ కొడుతోంది. గాయానికి సరుకు అందనివ్వదు, రక్తంలో చక్కెర పెంచుతుంది. చక్కెర ఎక్కువైతే క్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి, గాయం దగ్గరికి రక్తం సరిగ్గా చేరదు. చీము పట్టకూడదని పెట్టిన తిండే చీముకి దారి చేస్తోంది.

పప్పు తింటే చీము పడుతుందన్న మాట ఎంత బలమైనదో నాకు తెలుసు. వార్డులో మేం ఇచ్చిన గుడ్డుని దిండు కింద దాచి, చూడ్డానికి వచ్చిన పిల్లలకి పెట్టేసిన తల్లుల్ని చూశాను. వాదించి గెలవలేం. అందుకే పిన్నిగారితో ఇలా మాట్లాడి చూడండి. మన పెద్దవాళ్ళ పథ్యంలో కందిపప్పుని వద్దన్నా పెసరపప్పుని చాలా ఇళ్ళల్లో ఒప్పుకుంటారు. పెసరకట్టు, బీరకాయ పెసరపప్పు, పెసరట్టు. మాంసకృత్తుల లెక్కలో పెసర కందికి ఏమాత్రం తీసిపోదు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. చేప గురించి అడిగితే, బాలింతకి సొరచేప పిట్టు పెట్టే ఊరు మనదని గుర్తు చేయండి. ఈ రోజుల్లో ఎంతమంది బాలింతలకి పొట్ట మీద కుట్లున్నాయి! వాళ్ళకి పాలు పడాలని పెట్టిన సొర, మీ అమ్మకి చీమెలా పట్టిస్తుంది? అడిగే తీరులో అడిగితే పిన్నిగారే హార్బరుకి మనిషిని పంపుతారు.

రోజుకి రెండు గుడ్లు 12 గ్రాములు. రెండు పూటలా గుప్పెడు పెసరపప్పు ఉడికించి పెడితే 14 దాకా. వంద గ్రాముల చేప, వంజరమైనా, చందువైనా, సుమారు 20. ఒక గ్లాసు పాలు, ఒక గిన్నె పెరుగు కలిపి 12. మిగిలింది ఇడ్లీలో, అన్నంలో, సెనగల్లో దొరుకుతుంది. చేపని వేయించకుండా పులుసు పెట్టండి. నీచు తినని ఇల్లైతే పనీరు, మీల్‌మేకర్, సెనగలు పెంచండి. అమ్మకి కిడ్నీ పరీక్షలో ఏదైనా తేడా ఉందని ఇదివరకు చెప్పి ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరుని అడిగి వేసుకోండి. విటమిన్ సి కోసం రోజూ ఒక జామకాయ ముక్క, వీలైతే ఉసిరి. పరామర్శకి వచ్చినవాళ్ళు తెచ్చే పళ్ళరసాలు, గ్లూకోజు, పాలల్లో కలిపే తీపి పొడులు షుగరున్న మనిషికి పనికిరావు. ఏ తిండయినా గతంలో నిజంగా పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఉంటే అది మానండి. అది కాకుండా గోంగూర, వంకాయ, గుమ్మడి అని ఆ పెద్ద జాబితా అంతా మానిపించాల్సిన అవసరం లేదు.

చక్కెర పరీక్ష ఇంట్లోనే చేయండి. పొద్దున్న పరగడుపున ఒకసారి, భోజనమైన రెండు గంటలకి ఒకసారి. ఒక కాగితం మీద తేదీ, టైము, అంకె. తరచూ 180 దాటుతుంటే ఆ కాగితం చూపించి మందు సరిచేయించుకోవాలి. కొన్నాళ్ళు మాత్రలు ఆపి ఇన్సులిన్ ఇస్తామంటే భయపడొద్దు, ఒకసారి మొదలైతే జన్మంతా తప్పదన్నది నిజం కాదు. గాయం మానేదాకా వాడి, తర్వాత మళ్ళీ మాత్రలకి వచ్చినవాళ్ళు బోలెడంత మంది.

స్నానం. కోత అంచులు అతుక్కుని పైన పల్చటి పొర కట్టడానికి రెండు రోజులు, అంటే 48 గంటలు చాలు. ఆ తర్వాత మామూలుగా మానుతున్న కుట్టు మీద నీళ్ళు పడితే ఏమీ కాదు. నీళ్ళు తగిలితే చీము పడుతుందని పది రోజులు స్నానం మానిపిస్తే, ఒంటి మీది మురికి, చెమట కలిసి అసలైన హాని చేస్తాయి. మీ అమ్మ విషయంలో నీరు కారుతోంది కాబట్టి ఈరోజు డాక్టరుని అడిగాక మొదలుపెట్టండి. అప్పటిదాకా తడిగుడ్డతో ఒళ్ళు తుడవండి. సరేనన్నాక గోరువెచ్చటి నీళ్ళు చెంబుతో భుజాల మీంచి జారనివ్వాలి. కుట్టు మీద సబ్బు రుద్దొద్దు, సున్నిపిండి అసలే వద్దు. ఎండలో ఆరేసిన విడి తువ్వాలుతో అద్దాలి, తుడవకూడదు.

విశాఖలో ఉండి కుట్టు చూసుకోవడంలో అన్నిటికన్నా పెద్ద చిక్కు ఈ ఉక్కపోత. జూన్‌లో సముద్రపు గాలి వీచినా చెమట ఆరదు. పొత్తికడుపు మీద అడ్డంగా పెట్టిన కోతైతే, కాస్త బొద్దుగా ఉన్నవాళ్ళకి పొట్ట మడత దాని మీదికి వాలుతుంది. ఆ మడత లోపల ఎప్పుడూ తడే. గాయం తనలో తాను ఉంచుకునే తేమ వేరు, ఈ చెమట నిలవ వేరు. ఈ రెండోది చర్మాన్ని నానబెట్టి పాచిపోయేలా చేస్తుంది. అమ్మని పడుకోబెట్టి, ఫ్యాను కింద, మడతని చేత్తో మెల్లగా పైకెత్తి రోజుకి రెండు మూడుసార్లు పది నిమిషాలు గాలి తగలనివ్వండి. మధ్యలో ఉతికి ఆరేసిన పల్చటి కాటన్ గుడ్డ మడత పెట్టి ఉంచి, తడవగానే మార్చండి. ఇంకో సంగతి, మగ డాక్టర్లు అడగరు, మనమూ చెప్పం: లోలంగా బొందు. అది సరిగ్గా కోత మీదికో, దాని అంచుకో వచ్చి బిగుసుకుంటుంది, నడిచిన ప్రతిసారీ ఒరుసుకుంటుంది. కుట్టు చివర ఒకే చోట పుండు పడ్డవాళ్ళని చూసినప్పుడు నేను మొదట చూసేది బొందు ముద్ర. ఆరు వారాలు చీర, లంగా పక్కనపెట్టి వదులు నైటీలు వేయండి. పొట్ట బెల్టు డాక్టరు చెబితేనే, అదీ నడిచేటప్పుడే. పడుకున్నప్పుడు తీసేయాలి.

రోజూ ఒకసారి, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కుట్టుని చూడండి. రోజుకి ఒకసారి చాలు. వచ్చిన ప్రతి చుట్టమూ "ఏదీ, చూడనీ" అని నైటీ ఎత్తించి చూడడం, మంచం మీద కూర్చోవడం ఆపించండి. మర్యాద తక్కువైందనుకున్నా పర్లేదు, నర్సు వద్దన్నారని నా పేరు మీద చెప్పేయండి. చూసే ముందు సబ్బుతో చేతులు కడగాలి, గాజులు పైకి తోసి మణికట్టు దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, అర నిమిషం. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు తోటి డాక్టర్ల చేత సున్నపు క్లోరిన్ నీళ్ళలో చేతులు కడిగిస్తే బాలింతల చావులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. క్రిముల వల్లే ఈ జబ్బులు వస్తాయని అప్పటికి ఇంకా రుజువు కాలేదు. ఇప్పుడు తెలిసీ, పాలు పిండిన చేత్తో, చీపురు పట్టిన చేత్తో కట్టు ముట్టుకుంటున్నాం. అమ్మ కూడా నిద్రలో, టీవీ చూస్తూ కుట్టుని తడుముకుంటూ ఉంటారు, గమనించండి.

కుట్టు అంచున ఒక వేలి వెడల్పు లోపల కొద్దిగా ఎరుపు ఉండడం మొదటి రోజుల్లో మామూలే. అనుమానంగా ఉంటే ఎరుపు చివర బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన టైము వేయండి. మర్నాటికి ఎరుపు గీత దాటితే ఆసుపత్రికి. చెడు వాసన, చిక్కటి నీరు, రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరగడం, వణుకుతో జ్వరం, చక్కెర కారణం లేకుండా పెరిగిపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా అంతే. ఆపరేషనైన ముప్ఫై రోజుల దాకా ఈ జాగ్రత్త ఉండాలి. హెర్నియాకి లోపల వల (మెష్) వేయించుకున్నవాళ్ళు తొంభై రోజుల దాకా చూసుకోవాలి.

రెండు సంగతులు మాత్రం క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయాల్సినవి. దగ్గినప్పుడో, ముక్కినప్పుడో లోపల ఏదో తెగినట్టనిపించి, గులాబీరంగు నీరు ఒక్కసారిగా బట్టలు తడిసేలా కారితే, పొట్ట లోపలి పొరల కుట్లు వదులైనట్టు. ఇది ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే జరుగుతుంది. పేగు కనిపించినా లోపలికి నెట్టకండి. శుభ్రమైన గుడ్డని సెలైన్‌తో, అది లేకపోతే కాచి చల్లార్చిన నీళ్ళతో తడిపి పైన కప్పి, మోకాళ్ళు ముడిపించి వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో నీళ్ళు కూడా పోయకుండా తీసుకెళ్ళాలి. రెండోది, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, లేదా ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి. కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి వెళ్ళినప్పుడు అలా ఉంటుంది. అందుకే రోజంతా మంచం మీదే పడుకోబెట్టొద్దు. ఇంట్లోనే అటూ ఇటూ నాలుగైదుసార్లు నడిపించండి. మలబద్ధకం ఉంటే ముక్కనివ్వకండి, నీళ్ళు, ఆకుకూర పెంచండి, అప్పటికీ కాకపోతే మందు అడగండి.

మీ వీధిలో ఆర్‌ఎంపీ గారి విషయం. మనిషి మంచివారే అయి ఉండొచ్చు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ నీరు కారుతున్న కుట్టుకి మొదటి డ్రెస్సింగ్ ఆయన చేత వద్దు. లోపల ఎంత లోతుందో చూడాల్సింది కోసిన చేతులే. ఆ తర్వాత రోజూ మార్చడానికి ఆసుపత్రికి వెళ్ళలేకపోతే, ఎలా చేయాలో అక్కడి నర్సుని అడిగి మీరే నేర్చుకోండి. విడివిడిగా సీలు వేసిన గాజ్ గుడ్డ ప్యాకెట్లు, సెలైన్ సీసా, పేపర్ టేపు కొనుక్కోవాలి. సీసా తెరిచాక 24 గంటలు దాటితే పారబోయాలి. అంటుకున్న గాజ్ గుడ్డని లాగొద్దు, సెలైన్ పోసి రెండు నిమిషాలు నానబెడితే తనే వదులుతుంది. తీసిన గుడ్డని ముందు చూడండి, ఎంత తడిసింది, ఏ రంగు, వాసన. ఆ తర్వాతే చెత్తలో వేయండి. ఇది మీ చేతికి వచ్చేస్తుంది, భయపడకండి. ఇంటి మగవాళ్ళకీ నేర్పండి. నాన్నగారు ఉంటే ఆయనకీ వస్తుంది, మా వార్డులో భార్యలకి డ్రెస్సింగ్ నేర్చుకుని శ్రద్ధగా చేసిన భర్తలు చాలామంది ఉన్నారు.

కుట్లు పన్నెండో రోజు విప్పుతామన్నది అప్పటి అంచనా. షుగరున్నవాళ్ళకి కొన్ని రోజులు ఎక్కువ ఉంచడం, ఒకటి విడిచి ఒకటి తీయడం ఉంటుంది. దారం కనిపిస్తోందని ఇంట్లో కత్తిరించొద్దు.

చివరగా మొక్కు. బయటికి చర్మం మూసుకున్నా లోపల బలం నెమ్మదిగా వస్తుంది. మూడు వారాలకి కోత చోట ఉండే గట్టితనం మామూలు చర్మంలో ఐదోవంతు మాత్రమే. మూడు నెలలకి 80 శాతానికి చేరుతుంది, అంతకు మించి ఎప్పటికీ పూర్తిగా రాదు. ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలు మించి ఎత్తకూడదు. నిండు బిందె పదిహేను కిలోలు దాటుతుంది, గ్యాస్ సిలిండరు జరపడం కూడా ఎత్తడం కిందికే వస్తుంది, మనవల్ని చంకనేసుకోవడమూ అంతే. అలాంటప్పుడు వచ్చే నెల సింహాచలం కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, రాత్రంతా 32 కిలోమీటర్లు, అంత జనంలో తోసుకుంటూ నడవడం కుదరదు. షుగరున్న కాళ్ళకి చెప్పుల్లేని నడక ఇంకో ప్రమాదం. ఈ ఏడు అమ్మ తరఫున మీరు నడవండి, లేదా వచ్చే ఏడు కలిసి వెళ్ళండి. మూడు నెలలు దాటి, గాయం పూర్తిగా మాని, చక్కెర అదుపులో ఉంటే డాక్టరుని అడిగి కొండకి బస్సులో వెళ్ళి అప్పన్న దర్శనం చేసుకుని రావచ్చు. అమ్మకి ఈ మాట మీరు కాకుండా పిన్నిగారి చేత చెప్పించండి, ఆవిడ మాటైతే వింటారు.